పేరు లేని చేతిని ఎలా పట్టుకుంటారు?

ఆఫీసులో పాత కోడ్ ఫైల్ తెరిస్తే, పైన పేరు లేకపోయినా అది ఎవరు రాశారో చాలాసార్లు చెప్పేయొచ్చు. వేరియబుల్స్‌కి పెట్టిన పేర్లు, వదిలిన ఖాళీ లైన్లు పట్టిస్తాయి. మా నెల్లూరు తీరం ఊళ్లలో సంక్రాంతి ముగ్గు చూసి, ఇది ఏ ఇంటి అమ్మాయి చెయ్యో చెప్పే అమ్మమ్మలున్నారు. సరిగ్గా ఇదే పని 2,500 ఏళ్ల నాటి గ్రీకు కుండల మీద చేశాడు ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ బీజ్లీ.

ఏథెన్స్‌లో అప్పట్లో ఎర్రటి కుండ మీద మెత్తటి మట్టి పూతతో బొమ్మ వేసి, కళ్లూ బట్టల మడతలూ సూదిమొనతో గీకేవాళ్లు. బట్టీలో కాలాక ఆ పూత నల్లగా మెరిసేది. గీసినవాళ్లలో ఎక్కువమంది సంతకమే పెట్టలేదు.

బీజ్లీ ఏం చేశాడంటే, బొమ్మలో కథ పక్కన పెట్టి చెవులు, చీలమండలు, వేళ్లు చూశాడు. ముఖం దగ్గర ఎవరైనా జాగ్రత్తపడతారు. చెవి దగ్గరికొచ్చేసరికి చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుంది. అలా వేల కుండల్ని వందల చేతులకు పంచాడు. అసలు పేరు తెలియనివాళ్లకు తనే పేర్లు పెట్టాడు. అమాసిస్ అనే కుమ్మరి సంతకం ఉన్న కుండల మీద బొమ్మలు వేసినతను 'అమాసిస్ పెయింటర్' అయ్యాడు. ఈ నల్లబొమ్మల చిత్రకారుల లెక్కంతా 1956లో పుస్తకంగా వచ్చింది.

మరి మన దగ్గర? కొత్తపట్నం తవ్వకాల్లో 13, 14 శతాబ్దాల నాటి చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. మట్టి, ఆకుపచ్చ మెరుగు చూసి, ఇవి చైనాలోని లాంగ్‌క్వాన్ బట్టీలవని నిపుణులు చెప్పగలరు. కానీ ఆచూకీ అక్కడితో ఆగుతుంది. ఒక్కో బట్టీలో ఎన్నో చేతులు పడతాయి, పైగా దొరికేవి చిన్న ముక్కలు. పోల్చడానికి చెవీ లేదు, చీలమండా లేదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. గ్రీకు కుండ ఏ దేశం మ్యూజియంకు చేరినా, గీసిన చెయ్యి దాని మీదే ఉంటుంది. కొత్తపట్నం పెంకును ఎవరైనా సరదాగా జేబులో వేసుకుపోతే, అది చైనాదని మాత్రమే మిగులుతుంది. మన రేవుకు వచ్చిందన్న సంగతి ఆ ముక్క మీద ఎక్కడా రాసి ఉండదు, దొరికిన చోటే దానికి సాక్ష్యం.

అందుకే తీరంలో పాత పెంకు కనిపిస్తే తీయకండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి, పురావస్తు శాఖకు చెప్పండి. పెంకును మాత్రం అక్కడే ఉండనివ్వండి.