సూపర్‌మ్యాన్ కూడా ఓడిపోయాడు... ఒకసారి ముహమ్మద్ అలీ చేతిలో!

మా ఆపా కొడుకు ఐదో క్లాసు. పోయిన వారం స్కూల్లో పరుగు పందెం పెట్టారు. మొదటి రౌండ్‌లోనే ఔట్. ఆ రోజు నుంచి షూ ముట్టుకోవడం లేదు. ఆపా ఎంత చెప్పినా వినడు. ఆదివారం వాళ్లింటికి వెళ్తే మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"మామూ, సూపర్‌మ్యాన్ అయితే ఎప్పుడూ ఓడిపోడు కదా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు బేటా? చాలాసార్లు ఓడిపోయాడు. ఒకసారి ముహమ్మద్ అలీ చేతిలో కూడా" అన్నాను.

వాడు నమ్మలేదు. పక్కనే ఉన్న మా బావ కూడా నమ్మలేదు. కానీ ఇది నిజం. 1978లో అచ్చయిన పుస్తకంలోనే ఉంది. మన ఇళ్లల్లో పిల్లలు టీవీల్లో, ఫోన్లలో చూసే ఈ హీరో ఎప్పుడెప్పుడు ఓడాడు, ఎందుకు ఓడాడు, ఓడాక ఏం చేశాడు... ఒకసారి చూద్దాం.

అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది?

సూపర్‌మ్యాన్ 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో పుట్టాడు. సృష్టించింది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన ఇద్దరు కుర్రాళ్లు. కథ రాసింది జెర్రీ సీగల్, బొమ్మలు వేసింది జో షుస్టర్. ఇద్దరివీ బయటి దేశాల నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలు.

మొదట్లో సూపర్‌మ్యాన్‌కు ఎగరడం కూడా రాదు. ఒక్క గెంతులో రెండు వందల మీటర్లు దూకేవాడు, అంతే. తర్వాత రచయితలు మారుతూ వచ్చారు, బలం పెరుగుతూ పోయింది. ఆకాశంలో ఎగరడం, కళ్లతో మంటలు కురిపించడం, గ్రహాలను కదిలించడం దాకా వెళ్లింది.

ఇక్కడే రచయితలకు చిక్కు వచ్చిపడింది. ఎప్పుడూ గెలిచేవాడి కథ ఎవరు చదువుతారు? అందుకని బలంతో పాటు బలహీనతలూ పెట్టుకుంటూ వచ్చారు. నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు పెరిగితే అప్పుల వైపు కూడా ఏదో ఒకటి కనపడాలి కదా, అలాగన్నమాట.

మొదటిది క్రిప్టోనైట్. సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం పేలిపోయాక మిగిలిన రాయి. దాని దగ్గరికి వస్తే నీరసించిపోతాడు. ఇది ముందు 1943లో రేడియో నాటకంలో వచ్చింది, 1949లో కామిక్స్‌లోకి చేరింది. రెండోది మంత్రశక్తి. దాని ముందు అతని ఉక్కు శరీరం పనిచేయదు. మూడోది ఎర్ర సూర్యుడు. అతని బలమంతా మన పసుపు సూర్యుడి వెలుగు నుంచే వస్తుంది. ఎర్ర సూర్యుడి కింద మామూలు మనిషి.

ఈ మూడోది గుర్తుపెట్టుకోండి. అలీ కథలో పనికొస్తుంది.

బ్యాట్‌మ్యాన్ చేతిలో

1986లో ఫ్రాంక్ మిల్లర్ 'ద డార్క్ నైట్ రిటర్న్స్' తెచ్చాడు. అందులో బ్యాట్‌మ్యాన్ యాభై దాటిన మనిషి. సూపర్‌మ్యాన్ ప్రభుత్వం చెప్పినట్టు వినే ఉద్యోగిలా మారిపోయి ఉంటాడు. బ్యాట్‌మ్యాన్‌ను ఆపమని పైనుంచి ఆర్డర్ వస్తుంది.

ఏ శక్తులూ లేని మనిషి ఎలా గెలిచాడు? ముందు నుంచీ తయారై ఉన్నాడు కాబట్టి. ఇనుప కవచం తొడుక్కున్నాడు, ఊరి కరెంటు లైన్ల నుంచి శక్తి లాగాడు. అప్పటికే ఒక అణు పేలుడు దెబ్బతో సూపర్‌మ్యాన్ నీరసంగా ఉన్నాడు. చివర్లో పాత మిత్రుడు ఆలివర్ క్వీన్ క్రిప్టోనైట్ బాణం వేశాడు. సూపర్‌మ్యాన్ కూలబడ్డాడు. 2016లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' సినిమాలోని ఫైట్‌కు ప్రేరణ ఇదే.

ప్రాణమే పోయినప్పుడు

1992 నవంబర్‌లో వచ్చిన 'సూపర్‌మ్యాన్' 75వ సంచికలో డూమ్స్‌డే అనే రాక్షసుడితో పోరాటం. మెట్రోపొలిస్ నగరంలో, తాను పనిచేసే డైలీ ప్లానెట్ పత్రిక ఆఫీసు ముందే ఇద్దరూ ఒకరినొకరు కొట్టుకుని కుప్పకూలిపోతారు. లోయిస్ లేన్ చేతుల్లో సూపర్‌మ్యాన్ ప్రాణం వదులుతాడు.

ఈ కథలో బొమ్మల లెక్క కూడా చూడదగ్గది. ముందు సంచికల్లో పేజీకి నాలుగు బొమ్మలు, తర్వాత మూడు, తర్వాత రెండు. చనిపోయే సంచికలో పేజీకి ఒక్కటే బొమ్మ. గడియారం దగ్గరపడుతున్నట్టు ఉంటుంది. పుస్తకాన్ని నల్ల కవర్లో పెట్టి, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ కూడా ఇచ్చారు. షాపుల ముందు జనం లైన్లు కట్టారు.

అసలు ఆ టైముకు వేయాలనుకున్నది సూపర్‌మ్యాన్ పెళ్లి కథ. అయితే టీవీ సీరియల్ ఒకటి రాబోతుండటంతో పెళ్లి వాయిదా పడింది. ఆ ఖాళీలో చావు కథ వచ్చింది. మరుసటి ఏడాది తిరిగి బతికించారు, 1996లో పెళ్లి కూడా చేశారు. నిజాయితీగా చెప్పాలంటే ఈ ఓటమిలో కథ సగం, వ్యాపారం సగం.

ఇక అలీ గారి వంతు

'సూపర్‌మ్యాన్ వర్సెస్ ముహమ్మద్ అలీ' 1978లో వచ్చింది. మామూలు కామిక్ కంటే పెద్ద సైజు. బొమ్మలు వేసింది నీల్ ఆడమ్స్. అట్ట మీద రింగు చుట్టూ కూర్చున్న జనంలో 172 మంది అసలు మనుషులు, కామిక్ పాత్రలు కనిపిస్తారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కూడా అందులో ఉన్నారు.

కథ ఇది. వేరే గ్రహం సైన్యం భూమి మీదికి వస్తుంది. మీలో గొప్ప యోధుణ్ణి పంపండి, మా యోధుడితో కొట్లాడాలి, లేదంటే భూమిని నాశనం చేస్తామంటుంది. సూపర్‌మ్యాన్ ముందుకొస్తాడు. అలీ అడ్డుపడతారు. నువ్వు పుట్టింది భూమి మీద కాదు, భూమి తరఫున నువ్వెలా వెళ్తావని అడుగుతారు. పాయింటే కదా! దాంతో ముందు మీరిద్దరూ తేల్చుకోండని తీర్పు వస్తుంది.

పోటీ ఎర్ర సూర్యుడున్న గ్రహం మీద. అంటే సూపర్‌మ్యాన్‌కు ఏ శక్తులూ ఉండవు. ముందుగా అలీయే అతనికి బాక్సింగ్ నేర్పిస్తారు. తర్వాత రింగులో చితక్కొట్టేస్తారు. సూపర్‌మ్యాన్ మొహం వాచిపోతుంది, కాళ్లు తడబడతాయి, అయినా కింద పడడు. నిలబడే ఉంటాడు. చివరికి అలీయే చెయ్యి ఆపి, ఇక పోటీ ఆపమని రిఫరీని అడుగుతారు. గెలుపు ప్రకటించాకే సూపర్‌మ్యాన్ నేల మీద పడతాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తారు.

ఆ తర్వాత అలీ ఆ గ్రహం యోధుణ్ణి రింగులోంచి బయటికి ఎగిరిపడేలా కొడతారు. ఈలోపు కోలుకున్న సూపర్‌మ్యాన్ శత్రువుల సైన్యం సంగతి చూస్తాడు. ఒకరు రింగులో, ఒకరు బయట. ఇద్దరూ కలిస్తేనే భూమి మిగిలింది.

నాకు ఈ కథలో నచ్చేది గెలుపు కంటే ఆ చెయ్యి ఆపడం. ఎదుటివాడు ఇక కొట్టలేడని తెలిశాక కొట్టడం ఆపేవాడే అసలు పహిల్వాన్.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. పుస్తకం రావడం ఆలస్యమైంది. ఈలోగా 1978 ఫిబ్రవరి 15న నిజం రింగులో అలీ ఓడిపోయారు. గెలిచింది లియోన్ స్పింక్స్. అప్పటికి ప్రొఫెషనల్‌గా ఏడు పోటీలే ఆడిన కుర్రాడు. సూపర్‌మ్యాన్‌ను కొట్టినాయన టైటిల్ పోగొట్టుకున్నారు! అయినా ఇంట్లో కూర్చోలేదు. ఏడు నెలల తర్వాత, సెప్టెంబర్ 15న అదే స్పింక్స్‌ను ఓడించి హెవీవెయిట్ టైటిల్‌ను మూడుసార్లు గెలిచిన మొదటి మనిషి అయ్యారు.

కాగితం మీద ఓడినవాళ్లు

కామిక్ లోపల ఓటముల కన్నా బయట జరిగిన ఓటమి పెద్దది. సీగల్, షుస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ హక్కులన్నీ కంపెనీకి అమ్మేశారు. ఎంతకు? 130 డాలర్లకు. సంతకం పెట్టిన కాగితంలో హక్కులన్నీ శాశ్వతంగా ఇచ్చేస్తున్నామని ఉంది. తర్వాత కంపెనీ కోట్లు సంపాదించింది. 1947లో ఇద్దరూ కోర్టుకెళ్లారు. హక్కులు తిరిగి రాలేదు, ఉద్యోగాలు పోయాయి, కథల మీద పేర్లు కూడా తీసేశారు.

1970ల్లో షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. సీగల్ గుమస్తా ఉద్యోగం చేసుకుంటున్నాడు. అప్పుడు సూపర్‌మ్యాన్ సినిమా తీస్తున్నారని తెలిసి సీగల్ తమ గోడు పత్రికలకు చెప్పుకున్నాడు. వాళ్ల తరఫున గట్టిగా నిలబడినవాళ్లలో ముందున్నది ఎవరో తెలుసా? అలీ కామిక్‌కు బొమ్మలు వేసిన నీల్ ఆడమ్స్. 1975 చివర్లో కంపెనీ దిగొచ్చింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పెన్షన్, ఆరోగ్య బీమా, మళ్లీ కథల మీద పేర్లు.

ఆనాటి 130 డాలర్లు కట్టిన చెక్కునే 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. హక్కులకు ఇచ్చిన డబ్బు కన్నా ఆ డబ్బు ఇచ్చిన కాగితం ఖరీదే ఎక్కువైంది. మన ఇళ్లల్లో డిజైన్లు గీసేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు, యాప్‌లు తయారుచేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదవండి. అర్థం కాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి.

ఇదంతా చెప్పాక మా మేనల్లుడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"మామూ, అలీ మళ్లీ గెలవడానికి ఎన్ని నెలలు పట్టింది?"

"ఏడు."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. వచ్చే పందానికి ఇంకా టైముందని తేల్చుకున్నట్టున్నాడు. మంచం కింద నుంచి షూ బయటికి లాగాడు. ఒకదానికి లేసు లేదు. అది వెతకడానికి ఇల్లంతా తిరిగాం.