పెరటి చెట్లపై గూడబాతులు ఎందుకు వాలతాయి?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్ల వంటి పెద్ద చెట్లపై ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవి మొదట్లో వెళ్లిపోతాయి.

ఊళ్లోనే ఎందుకు?
ఎత్తయిన కొమ్మల్లోని గూళ్లు నక్కల వంటి జంతువులకు అందవు. దగ్గర్లోని సంతబొమ్మాళి మండలంలో నౌపడ చిత్తడి నేలలున్నాయి. అక్కడ చేపలు దొరుకుతాయి. పైగా ఊరివాళ్లు ఈ పక్షుల రాకను శుభంగా భావించి కాపాడతారు.

సైబీరియా నుంచి వస్తాయా?
అలా చెప్పుకుంటారు గానీ, ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాలవే. నీరు, మేత ఉన్న చోటికి తరలుతుంటాయి.

చేపల్ని ఎలా పడతాయి?
గూడబాతు ముక్కు కింద సాగే తోలు సంచి ఉంటుంది. దానితో నీటితోపాటు చేపను తోడి, నీరు వంపేసి మింగుతుంది. ఎర్రకాళ్ల కొంగ ముక్కును కాస్త తెరిచి నీటిలో ఆడిస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది.

ఎలా చూడాలి?
దూరం నుంచి, చప్పుడు చేయకుండా చూడాలి. పెద్దపక్షులు బెదిరి లేస్తే పిల్లలు గూటి నుంచి జారిపడవచ్చు. వీటిని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.