జరీపోగును కొనునప్పుడు

పెండ్లిండ్లును పండుగలును వచ్చినంతనే మన యిండ్లలో సూదిపని మొదలగును. రవికచేతికి నొక తీగ, దేవుని పీఠపు గుడ్డకు నొక పద్మము, పసిపిల్ల టోపీకి నొక చిలుక జరీతో కుట్టవలెనని మనసు పుట్టును. కుట్టు నేర్పు పెద్దలు కలరు. కాని కుట్టవలసిన పోగును కొనుట యెట్లో నేర్పువారు తక్కువ. అంగడిలో చూపినవానిలో నెక్కువ మెఱయుదానిని చేతబట్టుకొని వచ్చుచుందుము. సీతమ్మవంటి యిల్లాలి కన్నులనే బంగారులేడి మెఱుపు కప్పినది, మనమెంతవారము? మేమును నొకసారి యట్లే మోసపోయితిమి. చెప్పుటకు సిగ్గుగా నున్నను, మఱియొక యింట నట్లు జరుగకుండుటకై చెప్పుచున్నాము.

మా పెద్ద ఆడుబిడ్డ పెండ్లికి అడ్డుతెరను మేమే కుట్టెదమని పూనుకొంటిమి. తెల్లని పట్టుగుడ్డ నడుమ స్వస్తికము, అంచులయందు మామిడిపిందెలు. మా యింటివారు బడికి వెళ్లిన పిదప పగలెల్ల కూర్చుండి రెండు నెలలలో ముగించితిమి. పోగును కొన్న యంగడిలో “అసలు జరీయేనా?” అని యడిగితిమి, “అవునమ్మా” అనిరి. వెలయు నందుకు తగినట్లే పుచ్చుకొనిరి. పెండ్లినాడు తెర ధగధగలాడినది. చిన్న ఆడుబిడ్డ దానిని తడవి చూచి, “నా పెండ్లికిని నిదే పట్టవలెను, వదినా” అనినది. మేమును ముచ్చటపడి, తెరను ప్లాస్టిక్ సంచిలో మడిచి, కలరా ఉండలు వేసి దాచితిమి.

రెండు వానకాలములు గడచినవి. చిన్నదాని పెండ్లికి తెరను విప్పగా స్వస్తికము మసివలె నల్లబడియున్నది. పిందెలచుట్టు తెల్లపట్టుపై పచ్చని చిలుము పాకినది. నల్లని స్వస్తికమును వధూవరుల నడుమ నెట్లు పట్టుదుము? క్రొత్త ధోవతి నొకటి తెచ్చి తెరగా పట్టితిమి. ఆ పిల్ల యేమియు ననలేదు. అనకుండుటయే మాకు బాధయైనది. మా అత్తగారు మాత్రము, “వెల యడిగితివి, అసలుదా యని యడిగితివి. లోపల నేమున్నదని యడిగితివా?” అనిరి. జరీని కొనువారు అడుగవలసిన ప్రశ్న యదియే.

లోపల నేముండునో తెలియుటకు మా కరీంనగరపు వెండితీగపని మంచి పాఠము. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ పనిలో వెండిని కరగించి కడ్డీ చేసి, కమ్మచ్చు రంధ్రములలో నొకదానివెంట నొకదానిలో దూర్చి లాగి సన్నని తీగ చేయుదురు. ఆ తీగలను మెలివెట్టి, వంచి, అతికించి అత్తరుదానులు, తాంబూలపు పెట్టెలు చేయుదురు. జరీకిని మొదటి మెట్టు తీగ లాగుటయే. తీగను వెండ్రుకకంటె సన్నముగా లాగి, యినుప రోలరుల నడుమ నడచి రేకు చేసి, పట్టుపోగుపై చుట్టి, తరువాత బంగారుపూత పెట్టుదురు. సూరత్ నగర మీ పనికి ప్రసిద్ధి. తమిళనాడు ప్రభుత్వ సంస్థయు కాంచీపురమున జరీని తయారుచేయుచున్నది.

ఇందు గ్రహింపవలసిన దేమనగా, బంగారుజరీలో బంగారము పైపూత మాత్రమే. మేలైన జరీలోనైనను దాని పాలు సాధారణముగా నూటికి నొకవంతు కూడ నుండదు. జరీకి శరీరము వెండి. కావున “బంగారమా, కాదా?” అను ప్రశ్న మనకు పనికిరాదు, “పూతక్రింద వెండియా, రాగియా, ప్లాస్టిక్కా?” అని యడుగవలెను.

నేడు అంగళ్లలో దొరకునవి ముఖ్యముగా మూడు తెఱగులు. మొదటిది పైని చెప్పిన వెండిజరీ. రెండవది రాగితీగపై పలుచని వెండిపూత పెట్టి, బంగారువన్నె యెక్కించినది. లోపలి పోగు నూలో, కృత్రిమపు దారమో యుండును. మూడవది పాలిస్టరు పొరపై లోహపు తళుకు పట్టించి, సన్నగా చీల్చి దారముపై చుట్టినది. ఇవిగాక ‘హాఫ్ ఫైన్’, ‘టెస్టెడ్’ అను పేర్లు వినబడును. టెస్టెడ్ అనగా పరీక్షలో నెగ్గిన వెండిజరీయని యనుకొనరాదు. ఆ పేరుతో నమ్మునది సాధారణముగా రాగి తీగపై వెండిపూత గలదే.

ఐనచో రెండవదియు మూడవదియు చెడ్డవా? కావు. నిర్మల్ పట్టణమును తలంచుకొనుడు. 2016 వఱకు ఆదిలాబాదు జిల్లాలోనిదై, నేడు తానే జిల్లా కేంద్రమైన ఆ యూరి కళాకారులు పొనికికఱ్ఱ బొమ్మలను చేయుదురు. నల్లని పలకలపై బంగారువన్నె చిత్రములు వ్రాయుదురు. ఆ వన్నె బంగారము కాదని కొనువారెఱుగుదురు, అమ్మువారును దాచరు. కావున నచట మోసము లేదు. జరీయు నంతే. బడిపిల్లల నాటకపు కిరీటమునకు, తఱచుగా నుదుకు చిన్నపిల్ల గౌనుకు, యంత్రముపై కుట్టుపనికి ప్లాస్టిక్ జరీయే మేలు. అది నల్లబడదు, తేలిక, చౌక. నాలుగుసార్లు కట్టి విడుచు రవికకు రాగిజరీ చాలును. తరతరములు దాచవలసిన వస్తువునకు మాత్రము వెండిజరీ కావలెను. రాగిని రాగియని చెప్పి రాగివెలకమ్మిన బేరమగును, వెండివెలకమ్మిన మోసమగును.

పరీక్ష లింటివద్ద చేయదగినవే. నాలుగంగుళముల తునక నడిగి తెచ్చుకొనుడు. మెలి విప్పి, పైరేకును వేఱుచేసి, గరుకురాతిపై రుద్దుడు. పైపూత పోయి తెల్లగా కనబడి, ఎంత రుద్దినను తెల్లగానే యున్నచో వెండి. మొదట తెల్లగా కనబడి పిదప నెఱ్ఱబడినచో వెండిపూతగల రాగి. తక్కిన తునకను పింగాణీ పళ్లెములో, పిల్లలకు దూరముగా, వెలిగించి చూడుడు. ప్లాస్టిక్ ముడుచుకొని, కరగి, గట్టి పూసయగును. పట్టు కాలిన వెండ్రుకల వాసన నిచ్చును. నూలు కాగితము కాలినట్లుండును. లోపలి దారపు రంగును మాత్రము నమ్మరాదు. ఏ దారమునకైనను రంగు వేయవచ్చును. ఎక్కువ కొనునప్పుడు, లోహములను పరీక్షించు యంత్రమున్న నగలదుకాణములో చూపించుకొనుట మంచిది. వెండివెల దినదినము మాఱుచుండును గనుక వెండిజరీ వెలయు దానివెంట నడచును. వెండి వెల యెంత పెరిగినను తన వెల కదలని ‘వెండిజరీ’ని సందేహింపవలసినదే.

ఇక పనికి తగిన రూపము. చుట్టిన పోగును బట్టలోనుండి మాటిమాటికి లాగినచో రేకు ఊడును. అందుచేత దానిని బట్టపై పఱచి, మైనము పూసిన సన్నని పచ్చపట్టుదారముతో అడ్డముగా కట్టుచు పోవలెను. కొసలను మాత్రమే పెద్దకన్ను సూదితో క్రిందికి దించవలెను. దబ్కా, నక్షీ, కోరా అనునవి చుట్టలు చుట్టిన తీగలు. వానిని కావలసినంత కత్తిరించి పూసలవలె సూదికెక్కించి కుట్టుదురు. చదునైన రేకు బాద్లా. క్రొత్తగా నేర్చువారికి చుట్టిన పోగే సులువు. మగ్గము పనికి వలసిన యీ సరకు కరీంనగరములో టవర్ సర్కిలు చుట్టునున్న వీథులలో వెదకవచ్చును. ఎక్కువ రకములు కావలెనన్న హైదరాబాదు చార్మినారు చెంతనున్న లాడ్ బజారు కలదు.

ఎంత కొనవలెను? రవికచేతి యంచు 14 అంగుళములైన రెండు చేతులకు 28. మూడు వరుసలు, వరుసకు రెండేసి పోగులు పఱచినచో 168 అంగుళములు. తఱుగుకై అయిదవవంతు చేర్పగా సుమారు 202. అనగా 6 గజములు కొనుట క్షేమము. అంతయు నొకేసారి, ఒకే చుట్టనుండి కొనుడు. మఱునాడు తెచ్చినదాని వన్నె కలియదు. రసీదుపై ‘వెండిజరీ’ యనియో ‘రాగిజరీ’ యనియో వ్రాయించుకొనుడు. వ్రాయుటకు వెనుకాడినచో, కొనుటకు మనమును వెనుకాడుదము.

దాచుటలో మా తప్పును మీరు చేయకుడు. గాలిలోని గంధకపు వాయువులకు వెండి నల్లబడును. తేమకు రాగి చిలుము పట్టును. ప్లాస్టిక్ సంచి తేమను లోపల బంధించును. కలరా ఉండలు జరీకి తగులరాదు, అత్తరులు చల్లరాదు. ఉతికిన పాత మెత్తని నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలల కొకసారి నీడన నారవేసి, మడత మార్చవలెను. వెండిగిన్నెను తోమినట్లు చింతపండుతో తోమరాదు.

ఆ తెరను మేము పాఱవేయలేదు. మరకలేని భాగము కత్తిరించి దాచితిమి. మొన్న చిన్న ఆడుబిడ్డ సీమంతమునకు దానితో రవికచేతులు కుట్టి, పైని లెక్క చెప్పిన 6 గజముల వెండిజరీని పఱచితిమి. వరుసలు తక్కువే, మెఱుపును మునుపటియంత లేదు. మా అత్తగారు చేతులను వెలుతురున త్రిప్పి చూచి, “లోపల నేమున్నది?” అనిరి. ఈసారి రాతిపై రుద్దిన తునకను తెచ్చి చూపితిమి. ఆ రవికను మా ఆడుబిడ్డ తొడిగికొని, “దీనిని నా బిడ్డకు దాచెదను, వదినా” అనినది.