అల వచ్చే రోజుకి భుజాలు మిగలాలి

సర్ఫింగ్ రీల్స్ చూసి మనం బాగా మోసపోతాం. అందులో కనిపించేదంతా ఒక మనిషి బోర్డు మీద నిలబడి అల గోడ పక్కనుంచి జారిపోవడమే. పోటీల్లో సర్ఫర్లు ఏ పనికి ఎంత టైమ్ పెడుతున్నారో పరిశోధకులు వీడియోలు తీసి లెక్కేస్తే వేరే బొమ్మ కనిపించింది. నీళ్లలో గడిపే సమయంలో దాదాపు సగం బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లడానికే పోతుంది. దీన్నే ప్యాడ్లింగ్ అంటారు. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం అల కోసం ఎదురుచూపు. నిజంగా అల మీద నిలబడేది నూటికి పది వంతులు కూడా ఉండదు.

అంటే గంటసేపు సముద్రంలో ఉన్నవాడు అరగంట భుజాలతో కూలి పని చేసి, నాలుగైదు నిమిషాలు సర్ఫింగ్ చేస్తాడన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన కాలేజీలో జిమ్‌కి వెళ్లేవాళ్లు పెరిగారు, సెలవుల్లో వైజాగ్ వెళ్లి రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లూ పెరిగారు. రెండూ చేసేవాళ్లు అడిగేది ఒకటే: వారానికి ఎన్ని రోజులు లిఫ్ట్ చేయాలి? నన్నడిగితే, ఎన్ని రోజులు చేయకూడదో ముందు తేల్చుకోవాలి.

ముందు బలం సంగతి. ప్యాడ్లింగ్‌లో పనిచేసేవి వీపుకి రెండు పక్కలా రెక్కల్లా ఉండే లాట్స్, భుజాలు, భుజాల మధ్య కండరాలు. తల, ఛాతీ పైకెత్తి ఉంచాలి కాబట్టి మెడకీ నడుముకీ కూడా డ్యూటీ పడుతుంది. అల అందగానే ఒక్క ఉదుటున లేవడానికి ఛాతీ, చేతులు, తుంటి కావాలి. లేచాక భారమంతా తొడలు, మడమలదే. కాబట్టి పుల్అప్స్, రోయింగ్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పుషప్స్ చాలు. ఒంటికాలి మీద చేసే స్క్వాట్ ఒకటి కలిపితే ఇంకా మంచిది. యూట్యూబ్‌లో బంతి మీద నిలబడి డంబెల్స్ ఎత్తే సర్కస్ అవసరం లేదు.

బెంచ్ ప్రెస్ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. సోమవారం అంటే ఛాతీ రోజు అని రాజ్యాంగంలో రాసినట్టు మన హాస్టల్ కుర్రాళ్లంతా ఆ బెంచి దగ్గరే క్యూ కడతారు. భుజం కీలులో చేతి ఎముక బంతిని గిన్నెలో పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటిని రొటేటర్ కఫ్ అంటారు. ప్యాడ్లింగ్‌లో చేయి నీటిని వెనక్కి లాగే ప్రతిసారీ లోపలికి తిరుగుతుంది. ఒక్క సెషన్‌లో అలా వందల సార్లు జరుగుతుంది. దానికి తోడు వారమంతా ముందువైపు కండలే పెంచుకుంటూ పోతే భుజం ముందుకు వాలుతుంది, వెనకవైపు బక్కచిక్కుతుంది. చేయి తల మీదికి ఎత్తినప్పుడు కలుక్కుమంటుంది. అందుకే ఎంత తోస్తే కనీసం అంత లాగాలి. రబ్బర్ బ్యాండ్ పట్టుకుని, మోచేయి నడుముకి ఆనించి, ముంజేతిని బయటికి తిప్పే చిన్న వ్యాయామం ఉంది. చూడ్డానికి అదేం గొప్పగా ఉండదు, ఎవరూ వీడియో తీసుకోరు. అయినా మానకూడదు.

ఇప్పుడు రెస్ట్. బరువు ఎత్తుతున్న గంటలో కండ పెరగదు, అలసిపోతుంది అంతే. గట్టిగా చేసిన వర్కౌట్ తర్వాత ఒకటి రెండు రోజుల పాటు శరీరం కండరంలో కొత్త ప్రొటీన్ కట్టే వేగం మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. పెరుగుదల జరిగేది అప్పుడే. జిమ్‌లో మనం ఆర్డర్ పెడతాం, డెలివరీ తర్వాత వస్తుంది. కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువులైతే ఇంకా నెమ్మది. కండ బలపడినంత వేగంగా అవి బలపడవు. రెండు నెలల్లో పుల్అప్స్ రెట్టింపు చేసినవాడి మోచేయో భుజమో మొరాయించడానికి ఇదొక కారణం.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన కథ రాబర్ట్ హిక్సన్‌ది. ఆయనకి పవర్‌లిఫ్టింగ్ అలవాటు. జాన్ హాలోజీ అనే పేరున్న శాస్త్రవేత్త ల్యాబ్‌లో చేరాడు. హాలోజీకి పరిగెత్తడం ఇష్టం. బాస్‌తో పాటు తనూ రోజూ పరుగు మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి కండలు తగ్గుతున్నట్టు అనిపించింది. మనమైతే గ్రూప్‌లో ఒక మీమ్ పెట్టి వదిలేసేవాళ్లం. ఆయన దాన్నే ప్రయోగంగా మార్చి 1980లో ప్రచురించాడు. మూడు గుంపులు, పది వారాలు. ఒక గుంపు వారానికి 5 రోజులు బరువులు మాత్రమే. ఇంకో గుంపు 6 రోజులు సైక్లింగ్, రన్నింగ్ మాత్రమే. మూడో గుంపు రెండూ. మొదటి గుంపు బలం చివరి దాకా పెరుగుతూనే ఉంది. మూడో గుంపుది ఏడో వారం వరకు వాళ్లతో సమానంగానే పెరిగి, అక్కడ ఆగి, చివరి వారాల్లో కిందికి దిగింది.

దీన్ని చూసి చాలామంది "దమ్ము పెంచే వ్యాయామం కండకి శత్రువు" అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. మూడో గుంపు వారానికి ఎన్ని సెషన్లు చేసిందో కూడండి: పదకొండు. అన్నీ గట్టివే. తర్వాతి కాలంలో తక్కువ రోజులతో చేసిన ప్రయోగాల్లో నష్టం చాలా తక్కువగా కనిపించింది, కొన్నింట్లో అసలు లేదు. బలమూ దమ్మూ ఒకే ఒంట్లో ఉండగలవు. వాటి మధ్య ఖాళీ లేకపోతేనే గొడవ.

సర్ఫర్‌కి ఇది నేరుగా వర్తిస్తుంది. ఎందుకంటే సముద్రమే ఒక వర్కౌట్. గంటన్నర ప్యాడ్లింగ్ చేసి వచ్చి, "ఇవాళ జిమ్ మిస్ అయ్యా" అని సాయంత్రం వీపు కండలకి మళ్లీ పని చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్లు మిస్ అవ్వలేదు, ఆ రోజు వీపు వర్కౌట్ నీళ్లలోనే అయిపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్రికెట్ గ్రౌండ్ అయితే ఆదివారం పొద్దున ఆరింటికి బుక్ చేసుకోవచ్చు. అలని బుక్ చేసుకోలేం. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో గాలులు లేపిన అలలు రోజుల తరబడి ప్రయాణించి బంగాళాఖాతంలోకి వస్తాయి. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే జిమ్ షెడ్యూల్ చేసిన జాబ్, స్వెల్ ఇంటరప్ట్. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో ఇరుక్కుని ఉండకూడదు. అదృష్టం ఏంటంటే ఈ ఇంటరప్ట్ కొంచెం ముందే చెప్పి వస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మన తీరాలకి అల ఎత్తు, అలకీ అలకీ మధ్య సెకన్లు, గాలి అన్నీ కొన్ని రోజుల ముందే అంచనా వేసి ఆన్‌లైన్‌లో పెడుతుంది. దేశం మొత్తానికి సముద్రం కబురు చెప్పేది సముద్రం లేని ఊరు నుంచి అన్నమాట!

కాబట్టి వైజాగ్‌లో చదువుతూ శని, ఆదివారాలు నీళ్లలోకి దిగేవాళ్లకి నేను చెప్పే వారం ఇలా ఉంటుంది. మంగళవారం బరువుగా, ఒళ్లంతటికీ. గురువారం తేలిగ్గా, ఎక్కువగా కాళ్లకి. బుధవారం నడక, శుక్రవారం ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు, "లైట్‌గా ఒక రెండు సెట్లు" కూడా వద్దు. ప్రతి సెట్‌లో ఇంకో రెండు సార్లు ఎత్తగలను అనిపించినప్పుడే ఆపేయాలి. బుధవారం మంచి స్వెల్ వస్తే దిగండి, గురువారం జిమ్ కొట్టేయండి. దాన్ని శుక్రవారానికి జరపొద్దు. వర్కౌట్‌కి బ్యాక్‌లాగ్ ఉండదు, సప్లీ రాయక్కర్లేదు. నాలుగైదు వారాలకోసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించాలి. వారానికి రెండు రోజులేనా అని అనుమానం వస్తే, పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం కూడా రెండు రోజులే. మూడో రోజు సముద్రం చూసుకుంటుంది.

హైదరాబాద్, వరంగల్ వైపు ఉండి ఏడాదికి ఒకటి రెండుసార్లే బీచ్ చూసేవాళ్లు స్విమ్మింగ్ పూల్‌లో ఫ్రీస్టైల్ ఈదండి. ఒక లెంగ్త్ గట్టిగా, కాసేపు ఆగి, మళ్లీ గట్టిగా. ట్రిప్‌కి మూడు నాలుగు రోజుల ముందే బరువులు ఆపేయండి. కొత్త వ్యాయామం వల్ల వచ్చే ఒళ్లు నొప్పి మరుసటి రోజు నుంచి మూడో రోజు దాకా ముదురుతుంది. రైలెక్కే ముందురోజు రాత్రి వంద పుషప్స్ కొట్టినవాడు ఆ నొప్పిని తనతో పాటే సముద్రానికి తీసుకెళ్తాడు.

తిండి గురించి ఒక్క మాట: కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు. మెస్ పప్పుతో అంత రావడం కష్టం, గుడ్లు, పెరుగు కలుపుకోవాలి.

నిద్ర మాత్రం ఒక్క మాటతో పోయేది కాదు. మన వయసుకి 7 నుంచి 9 గంటలు కావాలి. స్టాన్‌ఫర్డ్‌లో షెరీ మా అనే పరిశోధకురాలు 11 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని కొన్ని వారాల పాటు రాత్రికి పది గంటలు పడక మీద ఉండమంది. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగయ్యాయి, పరుగు వేగం పెరిగింది. పోల్చడానికి వేరే గుంపు లేని చిన్న ప్రయోగమే, ఒప్పుకుంటాను. అయినా ఇంత చవకైన సప్లిమెంట్ ఇంకోటి చూపించండి. రాత్రి రెండింటి దాకా వాలరెంట్ ఆడి పొద్దున ప్రీ వర్కౌట్ పౌడర్ కలుపుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

పారిస్ ఒలింపిక్స్ అప్పుడు వైరల్ అయిన ఫోటో గుర్తుందా? తాహితీలో అల మీదుగా గాల్లో నిటారుగా, వేలు పైకెత్తి నిలబడ్డ బ్రెజిల్ సర్ఫర్, పక్కనే అలాగే నిలబడ్డ బోర్డు. ఆయన గాబ్రియెల్ మెదీనా. 2021లో మూడోసారి ప్రపంచ చాంపియన్ అయి, 2022 సీజన్ మొదట్లో మనసు బాగోలేదని పోటీల నుంచి తప్పుకున్నాడు. 2022, 2023 చాంపియన్ ఫిలిపె టొలేడో కూడా 2024లో మొదటి పోటీ తర్వాత మిగిలిన సీజన్ వదులుకున్నాడు. ఆ స్థాయి వాళ్లే ఆగినప్పుడు మనం శుక్రవారం జిమ్ మానితే కొంపలేం మునిగిపోవు.

అలసిన చేతులతో నీళ్లలోకి దిగితే మాత్రం నిజంగానే మునగొచ్చు. వైజాగ్ బీచ్‌లలో కొట్టుకుపోయిన విద్యార్థుల వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. ఒడ్డు నుంచి లోపలికి లాగే రిప్ కరెంట్‌లో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ప్యాడ్లింగ్ చేసి బయటపడాలి. దానికి భుజాల్లో కొంచెమైనా మిగిలి ఉండాలి. అందుకే దిగిన మొదటి పది నిమిషాల్లోనే చేతులు బరువెక్కినట్టు అనిపిస్తే ఆ రోజుకి బయటికి వచ్చేయండి. బాగా ఉన్న రోజు కూడా చేతులు పూర్తిగా అయిపోక ముందే ఆఖరి అల పట్టుకుని వచ్చేయండి. లోపల ఉండగా శక్తి అయిపోతే బోర్డు వదలొద్దు, కాలి తాడు విప్పొద్దు. బోర్డు తేలుతుంది. దాని మీద పడుకుని చెయ్యి ఊపి ఒడ్డున ఉన్నవాళ్లని పిలవండి.