జాడ మిగలాలి

దుప్పిని కొట్టడానికి పుట్టిన విద్య ఇప్పుడు దాన్ని బతికించడానికి కావాలి. గజపతినగరం పడమటి కొండల్లో ఆ విద్య తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంకా తెల్లవారలేదు. గజపతినగరంలో బయల్దేరి, మెంటాడ మీదుగా ఆండ్ర జలాశయం దాటి కొండ మొదట్లో ఆగాం. నా ముందు నడుస్తున్న కొండదొర తెగ తాత వంగి చిటికెడు దుమ్ము తీసి వేళ్ల సందుల్లోంచి వదిలాడు. అది మెల్లగా లోయ వైపు జారింది.

"గాలెటు ఎల్తందో సూసుకున్నాకే అడుగెయ్యాల బాబూ. మన కంటికది ఆనకముందే దాని ముక్కుకి మనం అందీసుంటాం."

రాత్రంతా చల్లబడి బరువెక్కిన గాలి పొద్దు పొడిచేదాకా కొండ మీంచి లోయలోకి దిగుతూనే ఉంటుంది. ఎండ తగిలాక అదే గాలి వేడెక్కి వాలు వెంట పైకి పాకుతుంది. అందుకని తెల్లవారుజామున కింది నుంచి ఎక్కాలి, ఎండెక్కాక పై నుంచి దిగాలి. అప్పుడే మన వాసన జంతువుకి చేరదు. తాత బడికి వెళ్లలేదు. తండ్రి వెనక నడిచి ఈ లెక్క నేర్చుకున్నాడు.

చైత్రం అంటే వేట

ఉత్తరాంధ్ర మన్యంలో చైత్రమాసం ఇటుకల పండగ నెల. విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లంతా విల్లంబులు, బరిసెలు పట్టుకుని అడవికి వెళ్లేవాళ్లు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆట పట్టించేవాళ్లు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలోనూ ఈ పండగ ప్రస్తావన ఉంది. ఇప్పుడు చాలా ఊళ్లలో వేట పేరుకే మిగిలింది. ఘాట్ రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే బళ్లను ఆపి, పాట పాడి చిల్లర అడుగుతున్నది ఆ పండగ రోజుల్లోనే.

కొండవాళ్లది ఆకలి వేట అయితే, రాజులది వేడుక. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి నాయకత్వం వహించిన మన విజయనగరం రాకుమారుడు విజ్జీకి వేటలోనూ పెద్ద పేరే ఉండేది. రాజుల వేటల్లో తుపాకీ పేల్చినవాళ్ల ఫొటోలు మిగిలాయి. ముందు రోజే కొండెక్కి జంతువు ఎక్కడుందో కనిపెట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అది కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడనిచ్చింది. 1991 సవరణ ఆ దారిని మూసేసింది. 2022 సవరణతో జరిమానా లక్ష రూపాయల దాకా పెరిగింది, జైలు శిక్ష ఎలాగూ ఉంది. అంటే ఇవాళ మన కొండల్లో వేటకి కాలమంటూ ఏదీ లేదు. ఉండకూడదు కూడా.

మరి ఆ వేటలో పుట్టిన విద్య సంగతేమిటి? దాన్ని కూడా నేరం కిందే జమకట్టి మరిచిపోదామా?

తిండి, నీళ్లు, నీడ

మన కొండల్లో తాత ముఖ్యంగా మూడిటి పేర్లు చెబుతాడు. ఒళ్లంతా తెల్ల చుక్కలుండి మందగా తిరిగే దుప్పి. చీకటి పడ్డాక గానీ కదలని, రెండు క్వింటాళ్లు దాటగల కణుజు. కుక్కలా మొరిగే, ఇరవై కిలోలుండే కొండగొర్రె. వీటిని వెతకాలంటే ముందు వాటి కష్టం తెలియాలంటాడు.

ఆ కష్టం చోటుని బట్టి మారుతుంది. అమెరికా సంగతే చూడండి. డిసెంబరు, జనవరి వచ్చేసరికి అక్కడి మగ జింకలు జతకట్టే రోజుల్లో తిండి మాని చిక్కిపోయి ఉంటాయి. మంచు కప్పిన కొండల్లో ఎండ తగిలే దక్షిణపు వాలునీ, రాలిన ఓక్ గింజల్నీ వెతుక్కుంటాయి. వాటికి చలి ఎలాగో, మన వాటికి ఎండ అలాగ. చైత్రం దాటేసరికి గెడ్డలు ఎండి మడుగులవుతాయి. గడ్డి గరుకెక్కుతుంది. తెల్లవారుజామున రాలే ఇప్పపువ్వు, ఆ తర్వాత పండే తుమికి పండు, మధ్యాహ్నం దాటాక నీడపడే తూర్పు వాలు, ఆరని ఒక్క మడుగు. జంతువు బతుకంతా ఈ నాలుగింటి మధ్యకి కుంచించుకుపోతుంది. వెతకడం తేలికయ్యేదీ, చంపడం తేలికయ్యేదీ ఈ రోజుల్లోనే.

నేల మీద రాత

మడుగుకి కాస్త ఎగువన తాత చతికిలబడ్డాడు. తడి ఆరుతున్న మట్టిలో రెండు గిట్టల గుర్తులు, ఒక్కొక్కటి నా బొటనవేలంత. మొన తిరిగిన వైపే నడక. మొదటి అడుగు అంచుని వేలితో తాకాడు, పొడిపొడిగా రాలింది. గుంటకి అడ్డంగా సాలీడు ఒక పోగు కట్టింది.

"ఇది నిన్నటిది. సాలీడు ఇల్లు కట్టీసింది."

జానెడు దూరంలో ఇంకొకటి. అంచు కత్తితో కోసినట్టుంది. అడుగున చెమ్మ మెరుస్తోంది. పక్కనే నల్లగా నిగనిగలాడే నాలుగు పెంటికలు. "ఇది ఇప్పటిదే. కొండగొర్రె, ఒక్కటే."

నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త పులుల గణనలో సిబ్బంది చేసే పనుల్లో ఇలా జాడ చదవడమూ ఒకటి. గీత గీసినట్టు అడవిలో నడుస్తూ కనబడ్డ దుప్పుల్నీ కణుజుల్నీ లెక్కపెడతారు, పెంటికలు చూసి రాసుకుంటారు. దుప్పి ఉన్నచోటే పులి ఉంటుంది గనక. కెమెరాలు ఎన్ని వచ్చినా, కెమెరా ఏ చెట్టుకి కట్టాలో చెప్పడానికి జాడ తెలిసిన మనిషే కావాలి. అటవీశాఖ వాచర్ల ఉద్యోగాలకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఈ విద్యనీ ఒక అర్హతగా చూడాలి. తాత లాంటివాళ్ల వెనక పదిమంది కుర్రాళ్లని నడిపించాలి. వాళ్లు పోయాక ఏ పుస్తకమూ దీన్ని నేర్పలేదు.

ఎందుకంటే చట్టం వచ్చినా చావులు ఆగలేదు. అడవి పందికని కట్టిన కరెంటు తీగ దుప్పినీ వదలదు. దారి పొడవునా పెట్టిన ఉచ్చుకి కాలం, చట్టం ఉండవు. ఉచ్చు ఎక్కడ పెడతారో ముందే పసిగట్టగలిగేది ఆ దారులు తెలిసినవాడే. జంతువులు తాగడానికి కట్టే లోతు తక్కువ నీటి గుంటల్ని, అంటే సాసర్ పిట్లని, ఎక్కడ కట్టి నీళ్లు నింపితే జంతువు ఊళ్లోకి దిగదో చెప్పగలిగేదీ అతనే.

ఎండల్లో దుప్పి ఊరి పొలిమేరకొస్తే మన వంతు పనీ ఒకటుంది. తరమొద్దు, చుట్టూ మూగొద్దు, పట్టుకుని నీళ్లు పట్టొద్దు. దెబ్బ తగలకపోయినా పరుగుకీ భయానికీ కండరాలు దెబ్బతిని, గుండె ఆగి చనిపోయే జాతి అది. కుక్కల్ని కట్టేసి, అటవీశాఖకి కబురు పెట్టి, అది పోయే దారి వదలాలి.

పొద్దెక్కింది. చెంప మీద గాలి తిరిగినట్టు తెలుస్తూనే ఉంది. గెడ్డ అవతల పొదల్లోంచి కుక్క మొరిగినట్టు ఒక అరుపు. ఆగి, మళ్లీ ఇంకోటి. నేను కెమెరా తీశాను. తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మన వాసన తగిలీసింది దానికి. మనమిక్కడుంటే నీళ్లకి రాదు. పద బాబూ, ఎల్లిపోదాం."

వచ్చిన దారి వదిలి, మడుగుకి దూరంగా చుట్టు తిరిగి దిగాం. సగం దూరం వచ్చేసరికి ఆ అరుపు ఆగిపోయింది. తాత ఒక్క క్షణం నిలబడి విని, తల ఊపి నడక సాగించాడు.