గుహల్లోకి వెళ్లాలని ఉందా? లోపలికి వెళ్లడం ఈజీనే.. బయటకు రావడమే అసలు పరీక్ష!

వీకెండ్ వస్తే చాలు.. ఓయూ హాస్టళ్లలో, తార్నాక టీ స్టాళ్ల దగ్గర ఒకటే ముచ్చట. ఈసారి ఎటు పోదాం? అనంతగిరి, లక్నవరం అయిపోయాక చాలామంది కన్ను పడేది గుహల మీదే. తలకు లైటు, మోకాళ్ల మీద పాకడం, ఇరుకు సందు దాటగానే ఎదురయ్యే పెద్ద హాలు.. వీడియో చూస్తేనే గూస్‌బంప్స్. దీన్నే కేవింగ్ అంటారు. ఇందులో థ్రిల్ ఎంత నిజమో, ప్రమాదం కూడా అంతే నిజం. బ్యాగు సర్దే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

తార్నాక చుట్టూ ఇన్ని బండలున్నా గుహలెందుకు లేవు?

ఓయూ క్యాంపస్‌లో ఎటు చూసినా రాళ్లే. కానీ అవి గ్రానైట్. గ్రానైట్ నీళ్లలో కరగదు. ఎండావానలకు పగిలి గుండ్లుగా మారుతుంది. ఆ గుండ్ల మధ్య సందులు, చిన్న చిన్న గుహలు ఉంటాయి తప్ప కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు ఏర్పడవు.

సున్నపురాయి కథ వేరు. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీళ్లు పగుళ్లలోకి దిగి వేల, లక్షల ఏళ్ల పాటు రాయిని కరిగిస్తూ పోతాయి. అలా మిగిలిన ఖాళీయే గుహ. పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారే నీళ్లలోని సున్నం గడ్డకట్టి వేలాడే రాతి ఊడల్లా తయారవుతుంది. బెలుం, బొర్రా గుహల్లో మనం చూసేది ఇదే.

మొదటిసారి అయితే బెలుం బెస్ట్

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న బెలుం గుహల గురించి బ్రిటిష్ జియాలజిస్ట్ రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో రాశారు. తర్వాత దాదాపు వందేళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నేతృత్వంలోని జర్మన్ టీమ్ లోపలికి దిగి, కొలిచి, మ్యాప్ గీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి టూరిస్టులను అనుమతిస్తున్నారు. లైట్లు, నడక దారి ఉన్న కిలోమీటరున్నర వరకే మనకు ఎంట్రీ. మిగతా భాగం మూసి ఉంచడానికి కారణాలు ఉన్నాయి. ‘కొంచెం ముందుకెళ్లి రీల్ తీసుకుని వచ్చేద్దాం’ అనుకుంటే అక్కడే తేడా కొడుతుంది.

ప్రమాదం ఎటు నుంచి వస్తుంది?

నీళ్లు: 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది ఫుట్‌బాల్ ఆడే పిల్లలు, వాళ్ల కోచ్ వెళ్లారు. భారీ వానలతో గుహలోకి నీళ్లు వచ్చి దారి మూసుకుపోయింది. చివరి వ్యక్తి బయటపడింది జులై 10న. పిల్లలందరూ బతికారు. కానీ వాళ్ల కోసం గాలి సిలిండర్లు చేరవేసి తిరిగొస్తూ మాజీ నేవీ డైవర్ సమన్ కునాన్ ప్రాణాలు కోల్పోయారు. గుహ దగ్గర వాన పడకపోయినా, ఎగువన పడితే చాలు.. నీళ్లు లోపలికి రావచ్చు.

ఇరుకు సందులు: 2009 నవంబర్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నట్టీ పట్టీ గుహలో ఓ 26 ఏళ్ల మెడికల్ స్టూడెంట్ తలకిందులుగా ఇరుక్కుపోయాడు. రోజుకు పైగా ప్రయత్నించినా కాపాడలేకపోయారు. మృతదేహాన్ని కూడా బయటకు తీయలేక గుహనే శాశ్వతంగా మూసేశారు.

అంత దూరం ఎందుకు.. 2022 డిసెంబర్‌లో మన కామారెడ్డి జిల్లా అడవిలో బండల సందులో పడిన ఫోన్ కోసం దిగి ఓ వ్యక్తి తలకిందులుగా ఇరుక్కున్నాడు. జేసీబీలు తెచ్చి, బండలు పేల్చి, 40 గంటలకు పైగా కష్టపడితే గానీ ప్రాణాలతో బయటకు రాలేదు. సున్నపురాయి గుహే కానక్కర్లేదు. గ్రానైట్ సందు చాలు.

గాలి: పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగి ఊపిరాడక చనిపోయారనే వార్తలు మనం వింటూనే ఉంటాం. గుహలోనూ అదే ముప్పు. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు. గాలి ఆడని పల్లపు చోట్ల పేరుకుంటుంది. తలనొప్పి, ఆయాసం మొదలైతే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా వెనక్కి తిరగాలి.

గబ్బిలాల రెట్ట: ఎండిన రెట్టలో పెరిగే ఒక ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే హిస్టోప్లాస్మోసిస్ అనే జబ్బు వస్తుంది. దుమ్ము లేచే చోట మాస్క్ తప్పనిసరి.

మన వల్ల గుహకూ ప్రమాదమే

ఇది మన ఓయూకి దగ్గరి విషయం. కర్ణాటకలోని కోలార్ జిల్లా హనుమనహళ్లిలో కోలార్ లీఫ్ నోజ్డ్ బ్యాట్ అనే గబ్బిలం ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇది బతికి ఉన్నట్టు తెలిసింది ఆ ఒక్క గుహలోనే. సంఖ్య 200 లోపే. దీనిపై పరిశోధన చేసి, అంతరించిపోయే ముప్పు ఉందని ప్రపంచం దృష్టికి తెచ్చింది ఉస్మానియా యూనివర్సిటీ జువాలజీ విభాగం శాస్త్రవేత్తలు చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు. గబ్బిలాలు పడుకునే చోట ఫ్లాష్ లైట్లు, అరుపులు, మంటలు పెడితే అవి గుహ వదిలేస్తాయి. ఇలాంటి జాతికి వెళ్లడానికి మరో గుహ లేదు. అలాగే రాతి ఊడ ఒకటి విరగ్గొట్టి బ్యాగులో వేసుకుంటే, అది మళ్లీ పెరగడానికి వేల ఏళ్లు పడుతుంది.

వెళ్లే ముందు ఇవి మర్చిపోకండి

* ఒంటరిగా వద్దు. కనీసం నలుగురు ఉండాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు సాయం కోసం బయటకు వస్తారు.
* ఒక్కొక్కరి దగ్గర మూడు లైట్లు ఉండాలి. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు.
* హెల్మెట్, గ్రిప్ ఉన్న బూట్లు మస్ట్.
* లోపల సిగ్నల్ ఉండదు. ఏ గుహకి వెళ్తున్నారో, ఎన్నింటికి బయటకు వస్తారో ఇంట్లోనో, రూమ్మేట్‌కో చెప్పి వెళ్లండి. ఆ టైమ్ దాటినా మీ నుంచి కాల్ రాకపోతే 112కి ఫోన్ చేయమనండి.
* వానాకాలం ప్లాన్లు పెట్టుకోవద్దు.
* తల పట్టింది కదా అని ఒళ్లంతా దూర్చొద్దు. ముఖ్యంగా తల కిందికి పెట్టి దిగొద్దు.

సీరియస్‌గా నేర్చుకోవాలనుకుంటే మేఘాలయ ఉంది. అక్కడి జైంతియా కొండల్లోని క్రెమ్ లియాట్ ప్రా గుహ పొడవే 30 కిలోమీటర్లకు పైగా. అక్కడ కూడా అనుభవం ఉన్నవాళ్లు వానలు లేని నెలల్లోనే, టీమ్‌గా దిగుతారు. సగం దారిలో అనుమానం వస్తే వెనక్కి వచ్చేస్తారు. మీ గ్యాంగ్‌లో ఎవరైనా ‘ఇక చాలురా, వెనక్కి పోదాం’ అంటే భయస్తుడని ఆటపట్టించకండి. ఆ మాట విని తిరిగొస్తే, మళ్లీ వెళ్లడానికి ఆ గుహ అక్కడే ఉంటుంది.