జీపు విప్పి చూద్దాం

పిల్లలూ! అలారం గడియారాన్ని విప్పి, తిరిగి బిగించేసరికి రెండు మరలు చేతిలో మిగిలిపోయిన అనుభవం మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. గడియారమైతే నాన్నగారి చీవాట్లతో పోతుంది. మరి వందలకొద్దీ ముక్కలున్న మోటారు బండిని విప్పి, ఒక్కొక్క ముక్కనూ శుభ్రం చేసి, ఎక్కడిదక్కడ బిగించి, మళ్ళీ రోడ్డెక్కించాలంటే? అదీ కర్మాగారంలో కాదు, పెరట్లో రేకుల షెడ్డు కింద! ఇలా పాత జీపులను బాగుచేసుకునేవాళ్ళు మన దేశంలోనూ, పై దేశాలలోనూ చాలామంది ఉన్నారు. బడిపని నుంచి విశ్రాంతి తీసుకున్నాక నేను కూడా వారిలో చేరాను. నాకు తోడు మా వీధిలోనే ఉంటున్న ఒక మెకానిక్కు మేస్త్రీగారు, ఏడో తరగతి చదివే మా మనుమరాలు.

మా షెడ్డులో ఉన్నది 1960 తరువాత బొంబాయిలో తయారైన జీపు. అది ఒకప్పుడు సమితి జీపు. ఆ మాటకు అర్థం మీ తాతగారినడగండి. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడ్డాయి. సమితి అధికారి ఊళ్ళోకి వచ్చాడంటే ముందుగా దుమ్ము, ఆ వెనుక జీపు, దాని వెనుక పిల్లలు కనబడేవాళ్ళు. ఆ పిల్లలలో నేనూ ఒకణ్ణి. బస్సు మొహం చూడని ఊళ్ళు కూడా జీపును చూశాయి. వాగులో దిగి అవతలి గట్టు ఎక్కగల బండి అదొక్కటే మరి.

ఈ జీపు ఎలా పుట్టిందో తెలిస్తేగాని, ఇన్నేళ్ళ తరువాత కూడా దీన్ని ఎందుకు బాగుచేయగలుగుతున్నామో బోధపడదు. రెండవ ప్రపంచయుద్ధం నాటి మాట. 1940లో అమెరికా సైన్యానికి ఒక చిన్న బండి కావలసివచ్చింది. తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, దారి లేనిచోట కూడా నడవాలి. సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. 49 రోజుల గడువులో మొదటి బండి చేసి ఇస్తామని ఒప్పుకున్నది బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజులలో బండి పటం గీశాడు. సెప్టెంబరు 23న బండి సైన్యానికి చేరింది. అయితే లక్షల బండ్లు చేయగల శక్తి ఆ చిన్న కంపెనీకి లేదు. చివరకు విల్లీస్ కంపెనీ నమూనాను ఖాయం చేసి, విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెంటిచేతా చేయించారు. యుద్ధం ముగిసేనాటికి సుమారు 6 లక్షల 40 వేల జీపులు తయారయ్యాయి.

ఇక్కడ సైన్యం ఒక షరతు పెట్టింది. విల్లీస్ జీపులో ఏదైనా ముక్క విరిగితే, పక్కనే పడి ఉన్న ఫోర్డు జీపులోని ముక్క తీసి బిగిస్తే సరిపోవాలి. అంతేకాదు, అడవిలోనైనా ఎడారిలోనైనా మామూలు సిపాయి నాలుగు పానాలతో విప్పగలగాలి. రాత్రివేళ బండి ఆగిపోతే ఏం చేసేవారో తెలుసా? ఆ జీపుల ముందు దీపాలు మడతబందు మీద ఉండేవి. మర వదులుచేసి దీపాన్ని వెనక్కి తిప్పితే వెలుగు ఇంజను మీద పడేది! ఫోర్డు వాళ్ళు తమ బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అనే అక్షరం ముద్రించారు. పాత ఫోర్డు జీపు బాగుచేసేవాళ్ళు ఈనాటికీ ఆ అక్షరమున్న బోల్టు దొరికితే ముత్యం దొరికినట్టు సంబరపడతారు.

1947లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. మా జీపు ఆ వంశంలోదే. దీని ఇంజను యుద్ధకాలపు ఇంజను కన్నా ఎత్తు. అందువల్ల బానెట్టు కూడా ఎత్తుగా, నుదురు పెద్దదైన మనిషిలా ఉంటుంది.

సరే, పని దగ్గరకు వద్దాం. మొదట పట్టవలసింది పానా కాదు, పెన్సిలు. విప్పిన ప్రతి బోల్టుకూ ఒక చీటీ కట్టి, అది ఎక్కడిదో నోటుపుస్తకంలో రాసి, బొమ్మ గీసి, ఆపైన ఫోటో కూడా తీశాం. ఫోటో ఉండగా బొమ్మ ఎందుకని మా మనుమరాలు అడిగింది. ఫోటో తీసేటప్పుడు కన్ను పరుగెత్తుతుంది, బొమ్మ గీసేటప్పుడు నిలుస్తుంది. ముక్క దేనికి ఆని ఉన్నదో, ఎటు తిరుగుతుందో గీసినవాడికే తెలుస్తుంది.

రెండవ శత్రువు తుప్పు. ఇనుముకు నీరూ, గాలిలోని ప్రాణవాయువూ తగిలితే తుప్పు పుడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న సందులో అది ఉబ్బితే ఇంకేముంది, పట్టు బిగుస్తుంది! బలం కొద్దీ తిప్పితే బోల్టు తెగుతుంది. అందుకని నూనె పోసి, ఒక రోజు ఆగి, మెల్లగా తట్టి, అప్పటికీ రాకపోతే మేస్త్రీగారు నట్టును మాత్రమే వేడిచేసేవారు. వేడికి నట్టు వ్యాకోచిస్తుంది. లోపలి బోల్టు ఇంకా చల్లగానే ఉంటుంది గనుక పట్టు వదులుతుంది. మీ పుస్తకంలో పదార్థాలు వేడికి వ్యాకోచిస్తాయని చదివిన పాఠం ఇదే.

చిన్న ముక్కల తుప్పును విద్యుత్తుతో వదిలించాం. ప్లాస్టిక్కు తొట్టిలో నీళ్ళు పోసి కాస్త చాకలిసోడా కలిపి, తుప్పుపట్టిన ముక్కకు బాటరీ చార్జరు రుణధ్రువాన్నీ, ఒక పాత ఇనుపరేకుకు ధనధ్రువాన్నీ తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా ముంచాలి. బుడగలు వస్తాయి. మర్నాటికి తుప్పు నల్లని పొడిగా మారి బ్రష్షుతో రాలిపోతుంది. ఆ బుడగలలో హైడ్రోజను వాయువు ఉంటుంది. అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కనుక ఈ పని ఆరుబయట, పెద్దవాళ్ళు దగ్గరుండి మాత్రమే చేయాలి. ఇనుపరేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు ఎన్నడూ వాడకూడదు. దాని నుంచి విషపదార్థం నీళ్ళలోకి దిగుతుంది.

ఇక ఇంజను. ఏళ్ళ తరబడి కదలక లోపలి పిస్టన్లు సిలిండర్లకు కరుచుకుపోయాయి. హాండిలు పెట్టి తిప్పితే రాయిలా ఉన్నది. పిస్టన్లు రాకపోతే ఇంజను పనికిరాదు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. స్పార్కు ప్లగ్గులు తీసి, నాలుగు రంధ్రాలలోనూ పల్చని నూనె పోశాం. రోజూ బడికి వెళ్ళేముందు మా మనుమరాలు సన్నని పుల్లతో నూనె లోతు కొలిచి రాసేది. మూడింటిలో నూనె కొంచెం కొంచెంగా దిగుతున్నది. మూడవ సిలిండరులో మాత్రం దిగలేదు. "గట్టి పిల్లాడు మాస్టారూ, వీడికి టైమివ్వాలి" అన్నారు మేస్త్రీగారు. తొమ్మిదవ రోజున అక్కడా అర అంగుళం తగ్గింది. పన్నెండవ రోజున హాండిలును ముందుకూ వెనక్కూ ఊపుతుంటే వేలెడు కదిలింది. "తాతయ్యా, కదిలింది!" అని ఆ పిల్ల వేసిన కేకకు పక్కింటివాళ్ళు గోడమీదుగా తొంగిచూశారు. ఆ సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది.

ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు వరసగా ఉంటాయి. కాని అవి ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే వరసలో మండవు. 1, 3, 4, 2 అనే క్రమంలో మండుతాయి. మొదటిదీ నాలుగవదీ జంటగా పైకి వస్తాయి, అప్పుడు రెండవదీ మూడవదీ జంటగా కిందికి పోతాయి. ఒక దాని తరువాత ఒకటి ఏ క్రమంలో తోస్తే ఇరుసు సమంగా తిరుగుతుందో నాలుగు అగ్గిపెట్టెలు పెట్టుకుని ఆలోచించండి. ప్లగ్గు తీగలను ఈ వరసలో తగిలించకపోతే ఇంజను దగ్గుతుంది, పేలుతుంది, నడవదు.

అన్నిటికన్నా పెద్ద తగవు బాడీ దగ్గర వచ్చింది. నేలరేకు జల్లెడలా చిల్లులు పడింది. ఇలాంటి జీపులకు కొత్త బాడీ బజారులో అచ్చంగా దొరుకుతుంది. తెచ్చి బిగిస్తే నెలలో అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువే అన్నారు మేస్త్రీగారు. ఆయన మాట కాదనలేం. అదే సమయానికి మా మనుమరాలు వెనుక తలుపుమీద రంగు గీకుతున్నది. పై బూడిదరంగు కింద ఆకుపచ్చ, దాని కింద తెలుపు. ఆ తెలుపు మీద చేతితో రాసిన అక్షరాలు, సగం చెరిగినవి, 'సమితి' అని! మేస్త్రీగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "బాగుంది మాస్టారూ, తలుపు ఉంచుదాం. పక్కరేకులు కూడా కొడతాను. నేల మాత్రం కొత్తది వేయాలి" అన్నారు. అలాగే చేశాం. నాలుగు నెలలు పట్టింది. అక్షరాలున్న జానెడు చోటు రంగు వేయకుండా వదిలాం.

బ్రేకుల విషయంలో మాత్రం ఏ పాతదనాన్నీ దయతలచలేదు. రబ్బరు గొట్టాలు, సిలిండర్లు, లైనింగులు అన్నీ కొత్తవే. పాత లైనింగులలో రాతినార కలిసి ఉండవచ్చు. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే ఊదకుండా తడిగుడ్డతో తుడిచి తీశాం. పాత పెట్రోలు టాంకుకు వెల్డింగు పెట్టడం కూడా ప్రాణాపాయమే. ఖాళీ టాంకులో మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది. కనుక టాంకు కూడా మార్చాం.

డ్రైవరు పక్కన పెద్ద గేరుకర్రతోపాటు రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా శక్తిని కలుపుతుంది. రెండవది వేగం తగ్గించి, లాగే బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. మెత్తని ఇసుకలో రెండు చక్రాలు జారితే మిగతా రెండూ లాగుతాయి. మరి ఎప్పుడూ నాలుగు చక్రాలతోనే ఎందుకు నడపకూడదు? మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా పెద్ద వంపున, ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. గట్టి తారురోడ్డు మీద జారదు గనుక ఇరుసులు మెలిబడి పట్టేస్తాయి. ఇంటి ముందర తడి ఇసుకమీద సైకిలును వంపుగా తిప్పి, రెండు చక్రాల జాడలూ చూడండి, సంగతి తేలికగా అర్థమవుతుంది.

యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లకు వేరుగా వింటేజ్ రిజిస్ట్రేషను ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. ఆ బండ్లను నిత్యం పనులకూ, బాడుగకూ తిప్పకూడదు. మా దరఖాస్తుకు కావలసిన కాగితాలు ఒక ఫైలులో చేరుతున్నాయి. వైరింగు ఇంకా సగం మిగిలి ఉన్నది. అది ముగిసిందాకా జీపు నాలుగు దిమ్మల మీదే నిలబడి ఉంటుంది. చక్రాలు మాత్రం ఇప్పటికే రంగు వేసుకుని షెడ్డు గోడకు ఆనుకుని ఉన్నాయి.